సగం పుస్తకం చదివినవాళ్లు

ఒక రచన భాగాలుగా వెలువడుతున్నప్పుడు మొదటి భాగం రాగానే చదవాలా, అన్నీ వచ్చేదాకా ఆగాలా? ఆగేవాళ్ల వాదనలో న్యాయం లేకపోలేదు. రచయిత మధ్యలో మానేయవచ్చు, కాలం చేయవచ్చు. పత్రిక మూతపడవచ్చు. ప్రచురణకర్త చేతులెత్తేయవచ్చు. రెండో భాగం చేతికొచ్చేసరికి మొదటిది మరపున పడుతుంది. డబ్బూ, శ్రద్ధా పెట్టి చివరికి తెగిన కథతో మిగిలిపోవడం ఎవరికి ఇష్టం? ఇది ఈ కాలపు పాఠకుల బెంగలా కనిపిస్తుంది గానీ, తెలుగులో దీని వయసు దాదాపు వెయ్యేళ్లు. మన పెద్ద రచనలు చాలావరకు విడతలుగానే వచ్చాయి. కొన్ని ఆగిపోయాయి, కొన్ని వేరే చేతుల్లో పూర్తయ్యాయి, కొన్ని ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఆ చరిత్రను వరసగా చూస్తే ఒక సంగతి గట్టిగా కనిపిస్తుంది. పూర్తయ్యాక చదువుదామని ఆగినవాళ్ల వల్ల మన భాషలో ఏ పెద్ద పుస్తకమూ ముందుకు సాగలేదు. సగం ఉండగానే చదివినవాళ్లే, చందా కట్టినవాళ్లే, మిగతా సగం కోసం పట్టుబట్టినవాళ్లే దాన్ని రప్పించారు.

మహాభారతంతోనే మొదలుపెట్టాలి. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కోరికపై నన్నయ భారతాన్ని తెలుగు చేయడానికి పూనుకున్నాడు. ఆది, సభాపర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వంలో నాలుగో ఆశ్వాసం నడిమిదాకా వచ్చాడు. శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆయన రచన నిలిచిపోయింది. పద్దెనిమిది పర్వాల గ్రంథంలో రెండున్నరే తెలుగులోకి వచ్చాయి. ఆ తర్వాత సుమారు రెండు వందల ఏళ్లపాటు తెలుగు చదువరులకు దక్కిన భారతం అంతే. పాండవులు అడవిలోనే ఉన్నారు, అజ్ఞాతవాసం లేదు, యుద్ధం లేదు. అయినా ఆ రెండున్నర పర్వాలను ఎవరూ పక్కన పెట్టలేదు. తాళపత్రాల మీద వాటికి ప్రతులు రాసుకున్నారు, పాఠం చెప్పుకున్నారు, అందులోని పద్యం నడకను తర్వాతి కవులు ఒరవడిగా తీసుకున్నారు. రాతప్రతి అనేది దానంతటది నిలిచే వస్తువు కాదు. ఆకు శిథిలమయ్యేలోగా ఎవరో ఒకరు పూనుకుని మళ్లీ రాస్తేనే గ్రంథం తర్వాతి తరానికి చేరుతుంది. అసంపూర్ణమని ఆ తరాలవారు ఉపేక్షించి ఉంటే నన్నయ మనదాకా వచ్చేవాడు కాదు.

పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలోని తిక్కన ముందుకొచ్చి, అరణ్యపర్వంలో మిగిలినదాన్ని ముట్టకుండా, విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. ఆయన ఆ ఖాళీని ఎందుకు వదిలాడన్నది పండితులు చాలాకాలంగా చర్చిస్తున్న విషయం. అరణ్యపర్వం తెనిగిస్తే కీడు జరుగుతుందన్న నమ్మకం అడ్డుపడిందనేది ప్రచారంలో ఉన్న కథ. తిక్కన విరాటపర్వ అవతారికలో నన్నయ మూడు పర్వాలు రచించినట్టు చెప్పాడు గనక, అప్పటికి అరణ్యపర్వం పూర్తిగానే ఉండేదనీ, తర్వాత కొంత భాగం నశించిందనీ మరికొందరి వాదం. ఏది నిజమైనా ఇక్కడ మనకు కావలసిన అంశం చెక్కుచెదరదు. నన్నయను చదివినవాడే తిక్కన. ముందున్నది చదివి, దాన్ని గౌరవంగా తలచుకుని, అక్కడి నుంచి తన దారి తాను వేసుకున్నాడు.

ఎర్రన విషయంలో ఇది ఇంకా స్పష్టం. పద్నాలుగో శతాబ్దంలో, అద్దంకి రెడ్డిరాజ్యంలో ప్రోలయ వేమారెడ్డి ఆశ్రయంలో ఉన్న ఆయన అరణ్యపర్వ శేషాన్ని పూరించాడు. ఆ కృతిని తన ప్రభువుకు అంకితం చేయలేదు. ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రుడికే, నన్నయ రచనే అన్నట్టుగా అంకితం చేశాడు. నన్నయ శరద్రాత్రుల దగ్గర ఆగితే, ఎర్రన శరత్కాలపు సూర్యోదయంతో ఎత్తుకున్నాడు. మొదట్లో శైలి నన్నయకు దగ్గరగా ఉండి, పోనుపోను తిక్కన వైపు ఒరుగుతుందని విమర్శకులు ఎన్నోసార్లు చూపించారు. రెండు వైపులా ఉన్న అంచులు బాగా తెలిస్తే తప్ప అతుకు కనబడకుండా రాయడం సాధ్యమయ్యే పని కాదు. ఇది అన్నిటికన్నా ముందు ఒక పాఠకుడి విజయం. మొత్తం భారతం తెలుగులోకి రావడానికి సుమారు మూడు వందల ఏళ్లు పట్టిందని మనం మామూలుగా కవుల వైపు నుంచి చెప్పుకుంటాం. ఆ మూడు వందల ఏళ్లూ అసంపూర్ణ గ్రంథాన్ని చదువుతూ వచ్చినవాళ్ల వైపు నుంచి కూడా చెప్పుకోవాలి. వాళ్లు లేకపోతే ఎర్రనకు పూరించడానికి ఏమీ మిగిలేది కాదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. భారతకథ అందరికీ తెలిసిందే. కౌరవులు ఓడిపోతారని, ధర్మరాజు పట్టం కట్టుకుంటాడని ముందే ఎరిగిన శ్రోతకు తెలుగు ప్రతి ఎక్కడ ఆగితేనేం, దాన్ని ఉత్కంఠతో నడిచే ఈనాటి నవలా పరంపరతో పోల్చడం ఎలా కుదురుతుంది? ఈ మాటలో నిజం ఉంది, కాదనను. అయితే అది మరో సంగతిని కూడా బయటపెడుతుంది. పాఠకుడు ఒక రచన నుంచి తీసుకునేది ముగింపు ఒక్కటే అయితే, తెలిసిన కథను అసలు చదవనక్కర్లేదు. మనవాళ్లు చదవడమే కాదు, భాగాన్ని భాగంగానే పూర్తి గ్రంథంలా వాడుకున్నారు. వానలు కురవకపోతే విరాటపర్వం చదివించడం తెలుగు పల్లెల్లో ఆచారం. పెళ్లి కావలసిన ఆడపిల్లల చేత రుక్మిణీ కల్యాణం పారాయణ చేయిస్తారు. గజేంద్రమోక్షం, ప్రహ్లాద చరిత్ర విడివిడిగా నోటికొచ్చినవాళ్లలో భాగవతం మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆ భాగవతం కూడా ఒక చేతిమీదుగా పూర్తయింది కాదు. పోతన పేరుతో చెలామణి అవుతున్న గ్రంథంలో పంచమ స్కంధం గంగనది, షష్ఠం సింగనది, చివరి రెండు స్కంధాలు నారయవి. మొత్తం ఉంటేనే భాగానికి విలువ అనే భావన మన పఠన సంప్రదాయంలో ఎప్పుడూ బలంగా లేదు.

అచ్చుయంత్రం వచ్చాక సమస్య కొత్త రూపం తీసుకుంది. రాజపోషణ తగ్గిపోయింది, పుస్తకానికి డబ్బు చాలావరకు పాఠకుడి జేబులోంచే రావాలి. 1906లో హైదరాబాదులో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు వంటివారు విజ్ఞానచంద్రికా గ్రంథమాలను స్థాపించినప్పుడు దాని పునాది చందాదారులే. ఇంకా రాయని పుస్తకాలకు ముందే కట్టుబడి ఉండే పాఠకులు కావాలి. అలాంటివాళ్లు దొరికారు గనకే ఆ మాల నిలిచింది. చరిత్ర, విజ్ఞానశాస్త్రం, జీవితచరిత్రలు తేలిక తెలుగులో ఇంటింటికీ వెళ్లాయి. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము 1910 నుంచి భాగాలుగా వెలువడింది. మొదటి భాగం కొన్నవాళ్లు ఆంధ్రుల చరిత్ర అంతా తమ చేతికి వచ్చిందనుకోలేదు. మొదటిసారిగా ఎవరో దాన్ని పూసగుచ్చినట్టు చెప్పబోతున్నారని తెలుసుకున్నారు, అందుకే కొన్నారు.

ఆ తర్వాత లక్ష్మణరావు తలపెట్టిన పని ఇంకా పెద్దది. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము అన్న పేరుతో, లోకంలోని విద్యలన్నిటినీ అకారాది క్రమంలో తెలుగులో పెట్టాలని పూనుకున్నారు. నెలనెలా భాగాలుగా వేసి, వాటిని సంపుటాలుగా కూర్చే పద్ధతి. ఒక్కో వ్యాసం కోసం కొత్త పారిభాషిక పదాలు పుట్టించాల్సి వచ్చేది, చాలా వ్యాసాలు ఆయనే రాసుకోవాల్సి వచ్చేది. మూడు సంపుటాలు వచ్చాయి. అక్షరమాల ఇంకా ఆరంభంలోనే ఉంది. 1923లో, నలభై ఆరేళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు. 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని మళ్లీ తలకెత్తుకున్నారు. 1938లో ఆయనా పోయారు, సర్వస్వం మళ్లీ ఆగింది. పూర్తయ్యేదాకా ఆగాలనే పాఠకుడికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. చందా కట్టినవాళ్లకు చివరి అక్షరం ఎప్పుడూ చేరలేదు.

మరి వాళ్లు మోసపోయారా? ఈ ప్రశ్న దగ్గర తొందరపడకూడదు. కట్టిన డబ్బుకు తగిన పుస్తకం రాలేదన్నది నిజం; ఆ రోజుల్లో చందా మొత్తం చిన్న గుమాస్తాకు, బడిపంతులుకు తేలిక భారం కాదు. కానీ చేతికొచ్చిన మూడు సంపుటాలు చిత్తుకాగితాలు కావు. వ్యాసం వ్యాసంగా అవి పూర్తి రచనలు. ఆంధ్రదేశం గురించి అందులో వచ్చిన చరిత్రను తర్వాతి చరిత్రకారులు ఆధారంగా తీసుకున్నారు. ఇంకా ముఖ్యమైనది, ఆ పనిలో మనుషులు తయారయ్యారు. లక్ష్మణరావు దగ్గర పనిచేసిన యువకుడు మల్లంపల్లి సోమశేఖరశర్మ ఆ తర్వాత ఆంధ్రదేశ చరిత్ర పరిశోధనలో పెద్దదిక్కు అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసులో తెలుగు భాషా సమితి సంపుటాలుగా తెచ్చిన విజ్ఞాన సర్వస్వానికీ ఆయన పనిచేశారు. హైదరాబాదులో సంగ్రహాంధ్ర విజ్ఞానకోశం సంపుటాలూ వచ్చాయి. తెలుగులో ఇలాంటి గ్రంథం సాధ్యమేనని, దాన్ని కొనేవాళ్లు ఉన్నారని తొలి చందాదారులు రుజువు చేయకపోతే రెండో ప్రయత్నానికి ఎవరు సాహసించేవారు? ఆ చందా తన ఫలాన్ని ఇచ్చింది. కట్టినవాడికి కాక అతని పిల్లల తరానికి ఇచ్చింది.

సూర్యరాయాంధ్ర నిఘంటువుది ఇంకో రకం కథ. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, పిఠాపురం మహారాజా సూర్యారావు పోషణతో, జయంతి రామయ్య పంతులు పట్టుదలతో దాన్ని చేపట్టింది. మొదటి సంపుటం రావడానికే 1936 దాకా పట్టింది. రామయ్య పంతులు 1941లో పోయారు. చివరికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పూనుకుంటే, 1970లలో గాని మిగతా సంపుటాలు పూర్తికాలేదు. సగం నిఘంటువు ఎవరికి ఉపయోగమని అడిగితే జవాబు సులువు కాదు. హకారంతో మొదలయ్యే మాట కోసం వెతికేవాడికి అది ఎందుకూ పనికిరాదు. కానీ మొదటి సంపుటంలోని ప్రయోగాలను చూసి ఆ ముప్పై అయిదేళ్లలో కావ్యాలకు టీక రాసినవాళ్లు, పాఠాలు చెప్పినవాళ్లు ఉన్నారు. వాళ్లు చివరి సంపుటం కోసం ఎదురుచూసి ఉంటే చాలామంది ఉద్యోగ జీవితాలు నిఘంటువు లేకుండానే ముగిసిపోయేవి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ విడిభాగానికి విలువ ఉన్న రచనలు. కథ మాటేమిటి? ముగింపు తెలియని నవలను వారం వారం చదవడం వేరు గదా. తెలుగు నవల పుట్టుకే ఆ పద్ధతిలో జరిగింది. కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము 1878లో ఆయన వివేకవర్ధని పత్రికలో వరసగా వచ్చింది; పుస్తకమైంది 1880లో. నవల అంటే ఏమిటో తెలుగు పాఠకుడు తెలుసుకున్నది ముక్కలుగా చదువుతూనే. ఆ తర్వాత ఎనభై ఏళ్లకు వారపత్రికల యుగం వచ్చేసరికి ధారావాహిక మన పఠనానికి వెన్నెముక అయిపోయింది. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికలు, యువ, జ్యోతి మాసపత్రికలు సీరియళ్ల మీదే నడిచాయి. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ జ్యోతిలో వచ్చాకే పుస్తకమై ముద్రణ మీద ముద్రణ పొందింది. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు పాఠకులు తర్వాతి సంచిక కోసం కాచుక్కూర్చున్నారు. ఆ ఆదరణ నుంచే దాని కొనసాగింపుగా తులసి వచ్చింది. పత్రిక కొన్న పాఠకుడి డబ్బే రచయితకు పారితోషికం అయ్యేది, విజయవాడ ప్రచురణకర్తకు ఇది అమ్ముడుపోతుందన్న భరోసా అయ్యేది. ఎంతోమంది స్త్రీలు రచననే వృత్తిగా చేసుకుని నిలబడగలిగింది ఈ ఏర్పాటు వల్లే. మన నవలా చరిత్రలో నాకు అత్యంత విలువైనదిగా తోచే ఘట్టం అది.

పుస్తకం వచ్చేదాకా ఆగినవాళ్లూ అప్పుడు ఉన్నారు, లేరని కాదు. వీధి చివర అద్దె పుస్తకాల దుకాణాల్లో రోజుకు ఇంతని కట్టి, నవలంతా ఒక్క రాత్రిలో చదివేసినవాళ్లు లక్షల్లో ఉంటారు. వాళ్ల చదువు తక్కువది కాదు. కానీ ఆ నవల అద్దె దుకాణం అరలోకి రావడానికి ముందు వారపత్రిక చదువరులు దాన్ని పోషించి ఉన్నారు. ఒకరు ఆగగలగడానికి ఇంకొకరు ఆగకపోవడమే కారణం. అందరూ ఆగే కాలం వస్తే ఆగి చదవడానికి ఏమీ ఉండదు. చిన్న మార్కెట్ ఉన్న భాషలో ఇది మరీ నిజం. వెయ్యి కాపీలు వేయడానికే ప్రచురణకర్త వెనకాడే చోట, మొదటి సంపుటం అమ్ముడుపోకపోతే రెండోది అచ్చుకు వెళ్లదు.

సీరియల్ పద్ధతి నవలను పాడుచేసిందన్న విమర్శ ఇంకా లోతైనది, దాన్ని పక్కకు నెట్టలేం. ప్రతి వారం చివర ఒక మెలిక పెట్టాలన్న ఒత్తిడి, ఆదరణ బాగుంటే కథను సాగదీయడం, ఉత్తరాల ఒరవడిని బట్టి పాత్రల తలరాత మార్చడం, ఇవన్నీ జరిగాయి. ఆ నవలల్లో చాలావాటిని ఇప్పుడు ఏకబిగిన చదివితే అతుకులు బయటపడతాయి. ఇలాంటి రచన విషయంలో ఆగి, రచయిత సవరించుకున్న పుస్తక ప్రతిని చదవడమే మేలని ఒప్పుకుంటాను. చివరి అధ్యాయంలో హంతకుడెవరో తేలే కథ అయితే మరీను. కానీ అది ఆ రకం రచనకే వర్తించే సూత్రం. మంచి నవలకు ప్రాణం మలుపుల్లో ఉండదు, మనుషుల్లో ఉంటుంది. ఆ మనుషులతో ఏడాదిపాటు వారం వారం గడిపిన పాఠకుడికి దొరికే పరిచయం, ఒక్క రాత్రిలో ముగించినవాడికి దొరకదు. సంచికకూ సంచికకూ నడుమ ఇంట్లో, ఆఫీసులో, కాలేజీలో ఆ పాత్రల గురించి మాట్లాడుకున్న ఆ వ్యవధి కూడా చదువులో భాగమే.

సీరియల్ పుటలను పత్రికలోంచి చింపి, వరసగా పేర్చి, బైండు చేయించుకునే అలవాటు తెలుగిళ్లలో బాగా ఉండేది. దీన్ని సాహిత్య చరిత్రకారులు పట్టించుకోవలసినంత పట్టించుకోలేదు. 1947లో మొదలైన పిల్లల మాసపత్రిక చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం తోకచుక్క, కంచుకోట, రాకాసి లోయ, పాతాళదుర్గం వంటి ధారావాహికలు నెలనెలా రాశారు, చిత్రకారుడు చిత్రా బొమ్మలు వేశారు. పిల్లల లోకంలో అంత పేరు తెచ్చుకున్నా, చాలాకాలం వాటికి పుస్తక రూపం లేదు. ఆ రోజుల్లో పుస్తకంగా వచ్చాక చదువుదామనుకున్న పిల్లవాడు ఆలోగా తాత అయ్యేవాడు. ఇళ్లలో బైండు చేసి దాచిన పుటలు, పాత సంచికలు సేకరించిన అభిమానుల ఓపిక వల్లే ఆ కథలు ఒక తరం నుంచి ఇంకో తరానికి అందాయి. తాళపత్రాన్ని తిరగరాసిన పాఠకుడు చేసిన పనే సూదీ దారంతో బైండు కుట్టించిన పాఠకుడూ చేశాడు.

ఎప్పటికీ పూర్తికాని పుస్తకాల సంగతి వేరు, ఆగేవాడి వాదానికి వాటిలో చోటే లేదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ఆత్మకథ అనుభవాలూ జ్ఞాపకాలూను ఆయన జీవితం చివరిదాకా రాదు; 1961లో శాస్త్రిగారు పోవడంతో అలాగే మిగిలింది. పూర్తికాలేదన్న కారణంతో దాన్ని చదవనివాడు, తెలుగు వచనం చేరుకున్న ఎత్తుల్లో ఒకదాన్ని చూడకుండా పోతాడు. అదే ఏడాది వట్టికోట ఆళ్వారుస్వామి కూడా కన్నుమూశారు. సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన రోజుల్లో పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన మనిషి ఆయన. తెలంగాణ ప్రజల జీవితాన్ని నవలల వరసగా రాయాలనుకున్నారు. ప్రజల మనిషి ముగించారు, దాని తర్వాతి గంగు సగంలో ఉండగానే పోయారు. గంగు అసంపూర్ణంగానే అచ్చయింది. ఆ వరసను కొనసాగించే బాధ్యతను దాశరథి రంగాచార్య తనమీద వేసుకున్నారు. చిల్లర దేవుళ్లు, మోదుగుపూలు, జనపదం నవలల్లో గడీల కాలం నుంచి సాయుధ పోరాటం మీదుగా స్వాతంత్ర్యానంతర పల్లెదాకా ఆ కథను నడిపించారు. ఎర్రన మాదిరిగా ఆయన పాత రచనలోకి దూరి అతుకు వేయలేదు. తన భాష, తన మనుషులు, తన చూపు పెట్టుకున్నారు. గంగు ఎక్కడ తెగిందో అక్కడే ఉంది, ఇప్పటికీ అలాగే అచ్చవుతోంది. ప్రజల మనిషి చదివినవాళ్లు దాన్ని తీసుకుంటారు, దాని తర్వాత చిల్లర దేవుళ్లు తీసుకుంటారు.